ఆరు మైళ్ళ తరుగు

ఆ ఏడు చలికాలమంతా మా ఇంట్లో కూర వాసన కన్నా గ్రీజు వాసనే ఎక్కువ. మా అమ్మాయి సబే వెనక వసారాలో ఓ పాత నల్ల సైకిలు చట్రాన్ని తలకిందులుగా నిలబెట్టింది. జపాను నుంచి ఓడల్లో గుట్టలుగా వచ్చి పడే పాత సైకిళ్ళలోంచి గేర్లు ఒకచోట, చక్రాలు ఒకచోట ఏరుకొచ్చి దానికి బిగిస్తూ కూర్చునేది. పక్కన మా ఆయన కో ల్విన్ పీట వేసుకుని పానాలు అందించేవాడు. నన్ను చేసుకోక ముందు ఆయన సైకా తొక్కేవాడు, సైకిలుకి పక్కన కుర్చీలు తగిలించిన బండి. పెళ్ళయ్యాక తెచ్చి, మా వైపు ఆడా మగా అందరూ కట్టే లుంగీలు అమ్మే నా కొట్లో కూర్చోబెట్టాను. మనిషి కూర్చున్నాడు గాని కాళ్ళు కూర్చోలేదు. గల్లా పెట్టె కింద ఎప్పుడూ ఆడుతూనే ఉంటాయి.

ఓ పొద్దున కొట్లో లుంగీలు పేర్చుతుంటే సబే వచ్చి నా ఎదుట నిలబడింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. బుగ్గల మీద తనకా చెక్క అరగదీసిన పూత, గోళ్ళ కింద నలుపు.

"అమ్మా, కొట్టు ముందు భాగంలో సగం నాకియ్యి."

"ఎందుకు?"

"సైకిళ్ళు బాగుచేస్తాను. నేను బిగించినవి అమ్ముతాను."

పక్క కొట్టు ప్యోన్ అక్క వింటోంది. మాండలే జేచో బజారులో ఆవిడ వినకుండా ఏ బేరమూ తెగదు. "అయ్యయ్యో, న్యో! బట్టల పక్కన గ్రీజా! అయితే ఇకమీదట నల్ల లుంగీలే తెప్పించుకో, మరక పడ్డా కనపడదు" అంది.

నా భయమూ అదే. గుడ్డా నూనే ఒక చూరు కింద ఇమడవు. కాని కన్నబిడ్డకి మొహం మీద కాదనడం ఎందుకని, కొనే ఉద్దేశం లేని సరుకుకి ఎలా బేరం ఆడతామో అలా ఆడాను.

"వస్తువు చూడకుండా నేను బేరం ఆడను."

"వసారాలో రోజూ చూస్తూనే ఉన్నావుగా."

"చూడ్డమంటే కళ్ళతో కాదు. లుంగీని ఉతికి చూస్తాం. చెప్పుల్ని నడిచి చూస్తాం. సైకిల్ని?"

"తొక్కి చూడాలి. ఎంత దూరం?"

నోటికొచ్చిన పెద్ద అంకె వేశాను. "నూరు మైళ్ళు. మెయిత్తీలా దాకా. ఒక్కరోజులో." బేరం చివర ఓ చిన్న షరతు తగిలించడం నా అలవాటు. "పొద్దు గుంకేలోపు."

"సరే. కాని తొక్కేది నువ్వే."

"నేనా?"

"కొనేది నువ్వేగా అమ్మా. కొనేవాళ్ళే కదా తొక్కి చూడాల్సింది?"

వరసలో కొట్లన్నీ గొల్లుమన్నాయి. ఈ పిల్లకి ఇది ఎవరి పోలికో నాకు తెలియంది కాదు. మాట తూకానికి పెట్టాక వెనక్కి తీసుకోలేను. అందరి ముందూ తేల్చి చెప్పాను: "దారిలో సైకిలు మొరాయించినా, పొద్దు దాటినా, మళ్ళీ సైకిలు మాట ఎత్తకూడదు. నా పక్కన కూర్చుని లుంగీలు మడత పెట్టుకోవాలి. చేరితే సగం కొట్టు నీది."

"నువ్వు కావాలని దిగిపోతే?"

"నేనెప్పుడైనా మూరకి నాలుగు వేళ్ళు తక్కువ కొలిచానంటే ఎవరైనా నమ్ముతారా ఈ బజార్లో?"

అందరికన్నా ముందు ప్యోన్ అక్కే అడ్డంగా తల ఊపింది.

*

సైకిలు నాకు కొత్త కాదు. ఇంటికీ కొట్టుకీ మధ్య ఆకుకూరల బుట్ట వేలాడేసుకుని తొక్కే మనిషినే. కాని నూరు మైళ్ళంటే ఆకుకూర కాదు. రోజూ పొద్దున్నే కోట కందకం చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. మొదటిరోజు ఒక్క చుట్టు తిరిగి దిగేసరికి నా కాళ్ళు నావి కావు. మెట్లు ఎక్కలేక కొట్లోకి వెనక్కి తిరిగి కూర్చుని జరిగాను.

"ప్యాంటు వేసుకోమ్మా" అంది సబే.

"ముప్ఫై ఏళ్ళ నుంచీ నా బతుకు లుంగీల మీదే. నేనే ప్యాంటులో తిరిగితే నా లుంగీ ఎవరు కొంటారు?"

మూడోరోజే నా లుంగీ అంచు గొలుసులో పడి చిరిగింది. ఆ సాయంత్రమే సబే నూనె డబ్బా కత్తిరించి గొలుసు మొత్తానికీ తొడుగు చేసి బిగించింది. మర్నాడు తెల్ల అంచు లుంగీ కట్టుకుని రెండు చుట్లు తిరిగొచ్చాను. అంచుకి ఒక్క చుక్క నలుపు లేదు. అంచుని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాను. పైకి మాత్రం మూతి విరిచాను. కొనేవాడు మెచ్చుకుంటే ధర పెరుగుతుంది.

వారాలు గడిచేకొద్దీ నాలో ఏదో తిరగబడింది. పొద్దున్నే మెలకువ దానంతట అదే వస్తోంది. కందకం గోడ పక్కన మంచు నీళ్ళ మీద పాకుతుంటే, గేరు మార్చగానే కింద టక్కున పడే చప్పుడు వినడం కోసమే ఇంకో చుట్టు తిరిగేదాన్ని. ఓసారి పాల బండి మోటారు సైకిల్ని దాటేశాను. పాలవాడు కావాలనే నెమ్మదించాడేమో, అయినా దాటడం దాటడమే. ఇంటికొచ్చి కో ల్విన్ పళ్ళెంలోది కూడా తినేశాను.

"ఈ బేరంలో ఇప్పటికి నష్టపోయింది నేనొక్కణ్ణే" అన్నాడాయన, ఖాళీ గిన్నె వంచి చూస్తూ.

బజారు రెండుగా చీలింది. చేపల వరస సబే వైపు, బట్టల వరస నా వైపు. నా వైపంటే ఏమిటో ఎవరికీ తెలియదు. ప్యోన్ అక్క తల పట్టుకుంది: "నువ్వు చేరితే బేరం ఓడిపోయినట్టు. చేరకపోతే నెగ్గినట్టు. మరి ఇంత పొద్దున్నే లేచి అంత కష్టపడి ఎందుకే ఓడిపోవడానికి తయారవుతున్నావు?"

మర్నాడు ఇంకో చుట్టు ఎక్కువ తిరిగాను. 

తబొడ్వె నెల పౌర్ణమికి బజారు మూత. వ్యాపారం పోదని ఆ రోజే ఖాయం చేశాను. కో ల్విన్ బస్సులో ముందే వెళ్ళి మెయిత్తీలా చెరువు వంతెన దగ్గర ఉండాలి. నా పక్కన సబే తన సైకిలు మీద, సంచిలో పానాలతో. దారికి కావలసిందంతా తూచి చూసుకున్నాను. అన్నం ముద్దలు, ఎండు చేప, చింతకాయ బిళ్ళలు, నీళ్ళు, అన్నీ సరిపోయేటట్టు కట్టాను.

*

ఊరి దక్షిణాన పెద్ద రోడ్డు మీది మైలురాయి దగ్గర బయలుదేరాం. రాళ్ళ మీద అంకెలు రంగూన్ నుంచి వేసిన లెక్క, కాబట్టి మాకు ఒక్కొక్కటే తగ్గుతూ వస్తాయి. ఆ మొదటి రాయిని అరచేత్తో తట్టి ఎక్కాను. మంచులో చింత చెట్లు ఒక్కొక్కటే ఎదురొచ్చి పక్కకి తప్పుకున్నాయి. గాలి వీపు వైపు నుంచి. చౌక్సే చేరేసరికి ఎండ పొలాల మీద పసుపు చల్లినట్టు పరుచుకుంది. నేను పాట అందుకున్నాను.

"అమ్మా, ఊపిరి దాచుకో!"

"నా ఊపిరి, నా ఇష్టం!"

చౌక్సే దాటాక మొదటి పందిరి వచ్చింది. రోడ్డు మధ్యలో అమ్మాయిలు వెండి గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. మైకులో పెద్దాయన గొంతు: "తమనె తినిపోండి బాబూ, పుణ్యం పంచుకోండి!" జిగురు బియ్యం, నువ్వులు, వేరుశనగ, కొబ్బరి, అల్లం, నూనెలో ముంచి తెడ్లతో కుమ్మి చేసిన ముద్ద. ఓ అవ్వ అరిటాకులో పెట్టి నా చేతిలో ఉంచింది. "తిను తల్లీ. పోయిన మా ఆయన పేరు మీద పెడుతున్నాం."

వద్దంటే ఆ ముసలాయన పుణ్యానికి అడ్డం పడ్డట్టే. తిన్నాం. పుణ్యంలో పాలు పంచుకున్నట్టు సాధు, సాధు, సాధు అన్నాం. ఎక్కాం.

మైలు తిరక్కముందే రెండో పందిరి. తర్వాత మూడోది. నాలుగో పందిరి దగ్గర నా పొట్ట డప్పులా బిగిసింది. మోకాలు పైకి లేస్తుంటే కడుపుకి తగులుతోంది. సబే హ్యాండిలు మీద వాలిపోయి అడిగింది:

"పౌర్ణమి అని రోజు ఖాయం చేసిందెవరమ్మా?"

"నేనే."

"తబొడ్వె పౌర్ణమి నాడు దేశమంతా తమనె కుమ్ముతుందని నీకు తెలీదూ?"

తెలియకేం? ఏటా మా వీధి మొగలో కట్టెలు మోసి, కొబ్బరి తరిగి, వచ్చేపోయేవాళ్ళని ఆపి తినిపించేది నేనేగా. కాని ఆ రోజు ఊరు దాటింది ఎన్నడు? పెట్టే చేతులమే తప్ప పట్టే చేతులం ఎప్పుడూ కాలేదు. ఎంత తూచినా ఈ బరువు నా లెక్కలోకి రాలేదు. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది, మేం సగం కూడా రాలేదు.

"ఇంకొక్క ముద్ద తిన్నానంటే ఇక్కడే గుడారం వేస్తాను" అంది సబే. నవ్వుతూనే అంది గాని కళ్ళు ఎండ వైపు చూస్తున్నాయి. ఆ చూపు నేనెరుగుదును. సంత ముగిసే వేళకి మూట విప్పనివాళ్ళ చూపు అది.

అయిదో పందిరి కనపడింది. అప్పుడు తట్టింది నాకు. అక్కడ ఇచ్చిన పొట్లం తీసుకుని, సాధు చెప్పి, తినకుండా బుట్టలో వేసుకున్నాను. ఆరో పందిరిలో గిన్నె పట్టుకుని ఎదురొచ్చిన పిల్లతో, ఆ పిల్ల నోరు విప్పకముందే నేనే అందుకున్నాను: "పొద్దుటి నుంచి అందరికీ పెడుతున్నావు, నువ్వు తిన్నావా అమ్మా?"

"ఇంకా లేదు పిన్నీ."

"అయితే ఇది మా తరఫున. కాదంటే మా పుణ్యం పోతుంది మరి."

ఆ పిల్ల తెల్లబోయి తీసుకుంది. మాకో పొట్లం ఇచ్చింది. అది ఏడో పందిరికి. ఒకచోట పుచ్చుకోవడం, ఇంకోచోట ఇచ్చేయడం. సరుకు చేతులు మారిందంతే, ఎవరి పుణ్యానికీ తరుగు లేదు.

"అమ్మా, నువ్వు దేవుళ్ళతో కూడా చిల్లర వ్యాపారం చేస్తావు!" అని సబే పడీపడీ నవ్వింది. ఆ నవ్వు ఊపులో మూడు మైళ్ళు తెలియకుండా పోయాయి.

వుండ్విన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తొడలు రాళ్ళయ్యాయి. గాలి తిరిగింది, ఎదురు కొడుతోంది. రోడ్డు వారన దిగి కూర్చున్నాను. అప్పుడే ఓ ట్రక్కు మా పక్కన ఆగింది. తోలేది అక్కడి మగ్గాల నుంచి నా కొట్టుకి లుంగీల బేళ్ళు చేరవేసే మనిషి, చొ మిన్.

"న్యో అక్కా! ఇదేంటి, మీ కొట్టు దివాళా తీసిందా, సైకిలెక్కారు? ఎక్కండెక్కండి. సైకిళ్ళు పైన పడేస్తాను. మెయిత్తీలా నిమిషాల మీద."

సబే సీసా మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసింది. 'వద్దు' అనలేదు, 'పోదాం' అనలేదు.

నేను లేచి సైకిలు దగ్గరికి వెళ్ళాను. వెనక చక్రం ఇరుసు మీద అరచెయ్యి వేశాను. చల్లగా ఉంది. చక్రం పైకెత్తి తిప్పాను. తిరిగింది, తిరుగుతూనే ఉంది. అటూ ఇటూ వెంట్రుకవాసి ఊగు లేదు. గొలుసు తొడుగు మీద ఒక్క మర వదులు కాలేదు. పొద్దుటి నుంచి నా బరువూ, తమనె బరువూ మోసిన సైకిలు. నా లుంగీ తెల్ల అంచు తెల్లగానే ఉంది.

"వద్దులే తమ్ముడూ. సరుకింకా పరీక్షలో ఉంది."

చొ మిన్ వెళ్ళిపోయాడు. సబే సీసా మూత గట్టిగా బిగించి సంచిలో పెట్టింది. ఇద్దరం ఎక్కాం.

*

మెయిత్తీలా చెరువు దూరాన మెరిసేసరికి నేను అరిచిన అరుపుకి కొంగలు లేచాయి. వంతెన మొదట్లో కో ల్విన్ రెండు చేతులూ ఊపుతూ గెంతుతున్నాడు. పక్కన ఓ సైకా అతను కూడా, మేమెవరో తెలియకపోయినా, గెంతుతున్నాడు. మా ఆయన మధ్యాహ్నం నుంచి అతనితో కబుర్లలో పడ్డట్టున్నాడు.

"వచ్చేశారు! నూరు మైళ్ళు! నా పెళ్ళాం నూరు మైళ్ళు!"

సబే సైకిలు పడేసి నేల మీద వెల్లకిలా పడుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. పొద్దు ఇంకా చెరువు మీద జానెడు ఎత్తున ఉంది.

నేను వంతెన పక్కనున్న మైలురాయి మీద కూర్చున్నాను. అలవాటు కొద్దీ, కూర్చున్నదేమిటో చూశాను. అంకె చూశాను. పొద్దున తట్టిన రాయి మీది అంకె గుర్తుంది. వేళ్ళ మీద తీసివేశాను. మళ్ళీ తీసివేశాను.

తొంభై నాలుగు.

మాండలే నుంచి మెయిత్తీలా నూరు మైళ్ళని బస్సువాళ్ళంటారు, లారీవాళ్ళంటారు, మా అమ్మ అనేది, నేనూ అన్నాను. బియ్యం గింజని కూడా తూచి తీసుకునే నేను ఈ ఒక్కటీ తూచకుండా పుచ్చుకున్నాను.

"సబే. ఆరు మైళ్ళు తరుగు."

అది లేచి కూర్చుంది. రాయి వైపు చూసింది, పొద్దు వైపు చూసింది.  "నీ ఇష్టం అమ్మా" అంది.

కో ల్విన్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒసే, ఆరు మైళ్ళకేంటే? మెయిత్తీలా అన్నావు, మెయిత్తీలా వచ్చావు. ఎవరు కొలిచారు?"

"నేను కొలిచాను."

లేచాను. సైకిలు తీశాను. "పడమటి రోడ్డున మూడు రాళ్ళు పోయి వెనక్కి వస్తే సరిపోతుంది. లే!"

ఒక్క క్షణం సబే నా మొహంలోకి చూసింది. ఆ తర్వాత దాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. నాకన్నా ముందు వంతెన ఎక్కేసింది.

వెనక నుంచి కేకలు. తిరిగి చూస్తే కో ల్విన్ ఆ సైకా ఎక్కి తొక్కుతున్నాడు! సైకా యజమాని తన బండిలో తనే ప్రయాణికుడై, అంచులు గట్టిగా పట్టుకుని, "బాబాయ్, మెల్లిగా, అది నా అన్నం కుండ!" అని మొర పెడుతున్నాడు. మా ఆయన లుంగీ ఎగ్గట్టి, ఏళ్ళ తరబడి గల్లా పెట్టె కింద దాచుకున్న కాళ్ళు రెండూ ఒక్కసారి బయటికి తీశాడు.

పొద్దుకి ఎదురుగా తొక్కాం. మొదటి రాయి. రెండో రాయి. ఒడ్డున తమనె కుమ్ముతున్నవాళ్ళు తెడ్లు పైకెత్తి ఊపారు. సంగతి తెలియకపోయినా పరుగెత్తేవాళ్ళని చూస్తే మనవాళ్ళకి హుషారు. మూడో రాయిని కాలితో తన్ని తిరిగాను. ఇప్పుడు పొద్దు వీపు వైపు. ఎంత మిగిలిందో కనపడదు. ఎదురుగా తాటి చెట్ల మీద పౌర్ణమి చంద్రుడు, పళ్ళెమంత, అప్పుడే లేస్తున్నాడు.

"అయిపోయిందమ్మా! చంద్రుడొచ్చేశాడు!" సబే అరిచింది.

"నేల మీద చూడు!"

మా నీడలు మాకు ముందు పరుగెడుతున్నాయి. సన్నగా, తాటి చెట్లంత పొడుగున, పలచబడుతూ. "నీడ ఉన్నంతసేపూ పొద్దున్నట్టే లెక్క! తొక్కు!"

తొక్కాం. తొడల్లో నొప్పి ఎటు పోయిందో, గేరు టక్కుమంది, సైకిలు గుర్రంలా ముందుకు దూకింది. చల్లటి గాలి చెరువు మీద నుంచి ముఖాన కొట్టింది. యాభై దగ్గర పడ్డ మనిషిని, జుట్టు ముడి వీడిపోయి, నోరు తెరుచుకుని అరుస్తున్నాను. నా నీడ తల ముందు వంతెన రాయిని తాకింది. తర్వాత భుజాలు. తర్వాత ముందు చక్రం. తర్వాత నేను.

దిగి వెనక్కి తిరిగి చూస్తే చెరువు అంచున గోరంత ఎరుపు.

"ఉంది!" అన్నాడు కో ల్విన్, రొప్పుతూ.

"లేదనుకుంటా బాబాయ్" అన్నాడు సైకా అతను, నిజాయితీపరుడు.

"నీ బండిలో నిన్నే తిప్పాను, కిరాయి కూడా అడగలేదు. ఉందను!"

"ఉంది, ఉంది."

*

రెండు రోజులు మంచం దిగలేదు. మూడోనాడు కొట్టు తెరిచి, ముందున్న లుంగీల దొంతరలు ఎడమ చేతి వైపుకి జరిపాను. కుడి సగంలో సబే చక్రాలు వేలాడదీసింది.

ప్యోన్ అక్క తొంగి చూసింది. "ఇంతకీ నెగ్గావా, ఓడావా?"

"సరుకు బాగుంది. పుచ్చుకున్నాను."

ఆవిడ లోపలికి పోయి, కాసేపటికి బ్రేకులు పట్టని తన పాత సైకిల్ని నడిపించుకుంటూ వచ్చింది. మొహం మాత్రం అటు తిప్పుకునే ఉంది. సబే దాన్ని విప్పి, సవరించి, బిగించి ఇచ్చింది. ఆ పూట మా చూరు కింద అదే మొదటి బోణీ. సబే ఆ నోటు తెచ్చి నా చేతిలో పెట్టింది. బోణీ డబ్బుని సరుకుకి తాకించడం మా బజారు ఆనవాయితీ, తాకిస్తే మిగతాదీ కదులుతుందని.

నోటు మీద దాని బొటనవేలి ముద్ర నల్లగా పడి ఉంది.

చక్రాలకి తాకించాను. గొలుసులకి, పానాలకి తాకించాను. ప్యోన్ అక్క నా చెయ్యి వంకే చూస్తోంది. ఎడమ వైపుకి తిరిగి లుంగీల మీద తట్టుకుంటూ పోయాను, ముందు తెల్లవాటి మీద.